బీపీ రెండు వందలైతే కిడ్నీకి ఏమవుతుంది?

ఇప్పుడు చాలా ఇళ్లలో బీపీ మిషన్ ఉంటోంది. పండక్కి అబ్బాయి అమెరికా నుంచి ఒకటి పట్టుకొచ్చాడంటే ఇంటిల్లిపాదీ వరసగా చెయ్యి చాపాల్సిందే. అలా చాపిన చేతుల్లో ఒకదానికి 200/120 అని వస్తుంది. అక్కణ్నుంచి ఆ గదిలో ఉన్న అందరి బీపీ పెరుగుతుంది. ఒకరు మజ్జిగ తాగమంటారు, ఒకరు నిమ్మకాయ నీళ్లంటారు. పక్కింటాయన తను వేసుకునే మాత్ర తెచ్చి నాలుక కింద పెట్టమంటాడు. చెయ్యి చాపిన పెద్దాయన మాత్రం "నాకేం, బాగానే ఉన్నాన్రా" అంటుంటాడు.

ఆయన అన్నది నిజమే కావచ్చు. అదే అంకె ఇంకొకరికి వచ్చి, దాంతోపాటు చూపు మసకబారి, ఆయాసం తన్నుకొచ్చి, పొద్దుటినుంచి మూత్రం సరిగ్గా రాకపోతే అది ప్రాణం మీదికి వచ్చిన సంగతి. డాక్టర్లు ఈ ఇద్దరి మధ్య గీత గీసేది అంకె చూసి కాదు. బీపీ 180/120 దాటడం ఒక షరతు. దానివల్ల మెదడు, గుండె, ఛాతీలోని పెద్ద రక్తనాళం, కంటి వెనక పొర, కిడ్నీ వీటిలో ఏదో ఒకటి ఇప్పుడే, ఈ గంటల్లోనే దెబ్బతింటూ ఉండటం రెండో షరతు. రెండూ ఉంటే ఎమర్జెన్సీ. మొదటిది మాత్రమే ఉంటే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసి, మానేసిన మాత్రలు మొదలుపెట్టి, కొద్ది రోజుల్లో దారిలో పెట్టుకోవలసిన వ్యవహారం. దానికి ఐసీయూ అక్కర్లేదు, అంబులెన్సు సైరనూ అక్కర్లేదు.

చిక్కు ఎక్కడుందంటే, రెండో షరతును ఇంట్లో కనిపెట్టడం అన్నిసార్లూ కుదరదు. మెదడు దెబ్బతింటే మాట తడబడుతుంది, ఫిట్స్ వస్తాయి. గుండెకు ఇబ్బందైతే మనిషి పడుకోలేడు. కిడ్నీకి అలాంటి ప్రదర్శనలేవీ చేతకావు. అది నొప్పి పుట్టించకుండానే పాడవుతుంది. నడుం పట్టేసిన ప్రతివాడూ కిడ్నీ చూపించుకుంటాడు గానీ, బీపీతో కిడ్నీ పోతున్నవాడికి నడుం నొప్పి ఉండకపోవడమే మామూలు.

కాబట్టి కిడ్నీ లోపలికి వెళ్లి చూద్దాం. ఒక్కోటి నూటయాభై గ్రాములుండే ఈ రెంటికీ గుండె పంపే రక్తంలో అయిదో వంతు పోతుంది, అంటే నిమిషానికి దాదాపు లీటరు. ఒక్కో కిడ్నీలో పది లక్షల వరకు జల్లెళ్లుంటాయి. అన్నీ కలిసి రోజుకు 180 లీటర్ల నీరు వడగట్టి, అందులో ఒకటిన్నర లీటరు తప్ప మిగతాదంతా మళ్లీ రక్తంలోకి లాగేసుకుంటాయి. ఇంత పని జరగాలంటే జల్లెడ దగ్గర ఒత్తిడి ఉండాలి, అదీ ఒక లెక్కలో ఉండాలి. తగ్గితే వడపోత ఆగుతుంది, పెరిగితే జల్లెడ చిరుగుతుంది. అందుకని ప్రతి జల్లెడకూ ముందు ఒక సన్నటి రక్తనాళం కాపలా ఉంటుంది. ఒంట్లో బీపీ పెరిగితే అది బిగుసుకుంటుంది, తగ్గితే సడలుతుంది. పై అంకెకూ కింది అంకెకూ మధ్య ఉండే సగటు రక్తపోటు 80 నుంచి 160 దాకా ఎటు ఊగినా, ఆ ఊపు జల్లెడ దాకా రాకుండా చూస్తుంది. ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాళ్లలో ఈ హద్దులు రెండూ పైకి జరుగుతాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, వైద్యం దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

పై హద్దు దాటితే ఏమవుతుందో గోదావరి డెల్టా రైతుకు వేరే చెప్పక్కర్లేదు. కాలవకు వరద వస్తే పొలం కొట్టుకుపోకుండా తూము దించుతారు. వరద మరీ ఉధృతమైతే తూమే పగిలి, రాళ్లూ మట్టీ అడ్డంపడి బోదె పూడిపోతుంది. శివారు రైతు మడిలోకి చుక్క రాదు. పైన వరద ముంచెత్తుతోందని అతనికేం తెలుసు? నీళ్లు అందడం లేదని అర్జీ పెడతాడు. అర్జీ అందిన ఆఫీసు ఇంకో గేటు ఎత్తుతుంది. వరద ఇంకా పెరుగుతుంది, అర్జీలూ పెరుగుతాయి.

కిడ్నీ పెట్టే ఆ అర్జీ పేరు రెనిన్. తీవ్రమైన ఒత్తిడికి ఆ చిన్న రక్తనాళం గోడ చిట్లి, రక్తంలోని ద్రవం గోడలోకి చొరబడి గడ్డకడుతుంది. ఇది కొన్నాళ్లు సాగితే గోడలో కణాలు పొరమీద పొరగా పేరుకుని లోపలి దారి దారంలా సన్నబడుతుంది. పాథాలజీ పుస్తకాలు దీన్ని ఉల్లిపొరలంటాయి. పాథాలజిస్టులకు తిండి మీద ధ్యాస ఎక్కువని వాళ్ల పరిభాష చదివితే తెలుస్తుంది. దారి మూసుకుపోయాక అవతలి జల్లెళ్లకు రక్తం అందదు. ఒంట్లో బీపీ 230 ఉన్నా కిడ్నీ లెక్క ప్రకారం రక్తం చాలడం లేదు. అది రెనిన్ వదులుతుంది. రెనిన్ వల్ల యాంజియోటెన్సిన్ తయారవుతుంది. అది ఒళ్లంతా రక్తనాళాలను బిగిస్తుంది, ఉప్పూ నీరూ ఒంట్లోనే నిలిచేలా చూస్తుంది. బీపీ ఇంకా ఎగబాకుతుంది. ఇంకొన్ని తూములు పగులుతాయి. దెబ్బ తిన్నదీ కిడ్నీయే, దెబ్బను పెంచుతున్నదీ కిడ్నీయే.

ఈలోపు ఆ ఇరుకు దారుల్లో దూరబోయిన ఎర్ర రక్తకణాలు చిరిగి ముక్కలవుతాయి. ప్లేట్‌లెట్లు అక్కడికక్కడే ఖర్చయిపోతాయి. ల్యాబ్ రిపోర్టులో హిమోగ్లోబిన్ తగ్గి, ప్లేట్‌లెట్లు పడిపోయి కనిపిస్తాయి. మన దగ్గర ప్లేట్‌లెట్లు తగ్గాయంటే చాలు, అది డెంగీ అనీ, బొప్పాయి ఆకు రసం తాగాలనీ ఊరంతా తీర్పు చెప్పేస్తుంది. బీపీ చూడాలన్న ఆలోచన ఆ తర్వాత ఎప్పటికో వస్తుంది. ఇక మూత్రంలో ప్రొటీన్, రక్తం దిగుతాయి. నురగ కట్టవచ్చు, టీ డికాషన్ రంగుకు తిరగవచ్చు, మామూలుగానే కనపడవచ్చు కూడా. కిడ్నీ వడగట్టి పారేయాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరుగుతుంది.

మరో వింత ఉంది. ఇంత బీపీ ఉన్నప్పుడు కిడ్నీలో పనిచేస్తున్న మిగతా భాగాలు ఉప్పును, నీటిని బలవంతంగా బయటికి తోసేస్తాయి. అందుకే ఇలా వచ్చిన రోగుల్లో చాలామంది ఒళ్లు నీరుపట్టి కాదు, ఎండిపోయి ఉంటారు. బీపీ ఎక్కువుంది కదా అని కళ్లు మూసుకుని మూత్రం పోయే ఇంజెక్షన్ పొడిస్తే ఉన్న నీరూ పోయి, రెనిన్ మరింత రెచ్చిపోతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆ ఇంజెక్షనే ప్రాణం కాపాడుతుంది. చూసి ఇవ్వాలి, అంతే.

ఇదంతా తెలుసుకోవడానికి వైద్యులకు చాలా ఏళ్లు పట్టింది. రెనిన్‌ను 1898లో స్టాక్‌హోమ్‌లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ కుందేలు కిడ్నీల నుంచి కనుక్కున్నారు. దాదాపు నలభై ఏళ్లు ఎవరూ దాని మొహం చూడలేదు. 1934లో అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీకి వెళ్లే రక్తనాళాన్ని క్లిప్పుతో నొక్కి, ఒళ్లంతా బీపీ పెరగడం చూపించాక అందరికీ మళ్లీ గుర్తొచ్చింది. ఈ లోగా జర్మనీలో ఫోల్‌హార్డ్, ఫార్ అనే ఇద్దరు 1914లోనే బీపీలో ప్రాణాంతకమైన రకం ఒకటి వేరుగా ఉందని రాశారు. అది ఎంత ప్రాణాంతకమో 1939లో అమెరికాలోని మేయో క్లినిక్ లెక్కకట్టింది. కంటి వెనక నరం వాచిన దశలో ఉన్న రోగుల్లో ఏడాది తిరిగేసరికి బతికున్నది అయిదుగురిలో ఒక్కరే. చాలా క్యాన్సర్లు ఇంతకంటే దయగలవి.

అప్పట్లో ఎంత గొప్పవాడికైనా అదే గతి. 1944 మార్చిలో హోవర్డ్ బ్రూన్ అనే యువ గుండె వైద్యుడు అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను పరీక్షించి 186/108 బీపీ, పెద్దదైన గుండె కనుక్కున్నాడు. అంతవరకు ఆయన్ని చూస్తున్న సొంత డాక్టరు ముక్కు, చెవి, గొంతు నిపుణుడు. బ్రూన్ చేతిలోనూ పెద్దగా ఏమీ లేదు: డిజిటాలిస్, ఉప్పు తగ్గింపు, విశ్రాంతి. ప్రపంచ యుద్ధం నడుపుతున్న మనిషికి విశ్రాంతి రాయడం సులువు, ఇప్పించడం కష్టం. 1945 ఏప్రిల్ 12న తల పగిలిపోతోందని కుప్పకూలినప్పుడు బీపీ 300/190. మెదడులో రక్తస్రావంతో ఆయన ఆ మధ్యాహ్నమే పోయాడు.

ఆ రోజుల్లోనే అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో వాల్టర్ కెంప్నర్ అనే జర్మన్ కాందిశీకుడు ఒక విడ్డూరమైన వైద్యం చేస్తుండేవాడు. రోజంతా అన్నం, పళ్లు, పళ్లరసం, చక్కెర, అంతే. కిడ్నీకి పని తగ్గించాలన్నది ఆయన ఉద్దేశం. ఒక రోగి ఆయన జర్మన్ యాస అర్థం కాక, రెండు వారాల తర్వాత రమ్మంటే రెండు నెలలు అదే తిని వచ్చింది. చూస్తే బీపీ దిగింది, కంటి వెనక వాపు తగ్గింది. ప్రాణాంతకమైన బీపీ వెనక్కి తిరగగలదని ప్రపంచానికి చూపించిన తొలి వైద్యాల్లో ఇదొకటి. మూడు పూటలా అన్నం తినే మనకు ఈ కథ భలే ఇంపుగా ఉంటుంది. కానీ ఆ అన్నంలో ఆవకాయ లేదు, పప్పుచారు లేదు, అప్పడం లేదు. రోజు మొత్తానికి ఆ భోజనంలో ఉండే సోడియం 150 మిల్లీగ్రాముల లోపు, ఉప్పు లెక్కన అర గ్రాము కూడా కాదు. పని చేసింది అన్నం కాదు, లేని ఉప్పు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనల్ని అంత కఠినంగా ఏమీ అడగడం లేదు. రోజుకు 5 గ్రాములకు మించొద్దంటోంది. మనకు అదే కఠినంగా తోస్తోంది.

మందుల సంగతికొస్తే అందులో మన దేశం వాటా ఉంది. సర్పగంధి వేరుతో బీపీ తగ్గుతుందని 1931లోనే కలకత్తాలో సేన్, బోస్ రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వేయించాక పడమటి దేశాలు చెవి ఒగ్గాయి. 1952లో ఆ వేరు నుంచే రెసర్పిన్ తీశారు. కిడ్నీ అర్జీని నేరుగా తిప్పికొట్టే మందు మాత్రం బ్రెజిల్ పాము విషం మీద చేసిన పరిశోధనల నుంచి వచ్చింది. అది కాప్టోప్రిల్, అమెరికాలో అనుమతి పొందింది 1981లో. చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా జబ్బులో హఠాత్తుగా బీపీ పేలి కిడ్నీలు పోయే దశ ఒకటుంటుంది. ఈ తరహా మందులు రాకముందు ఆ దశకు చేరినవాళ్లలో ఏడాది బతికింది 15 శాతం. వచ్చాక 76 శాతం. డయాలిసిస్ దాకా వెళ్లినవాళ్లలోనూ చాలామంది నెలల తర్వాత దాన్ని మానేయగలిగారు. వైద్యచరిత్రలో ఒక్క మందుతో ఇంత మలుపు తిరిగిన సందర్భాలు ఎక్కువ లేవు.

మందులు చేతికొచ్చాక మనుషులకు తొందర వచ్చింది. మొదట్లో చెప్పిన నాలుక కింది మాత్ర ఆ తొందర నుంచి పుట్టిందే. నిఫెడిపిన్ క్యాప్సూల్‌ను సూదితో పొడిచి నాలుక కింద పిండడం 1980లలో ఆస్పత్రులన్నిటిలో మామూలు. పది నిమిషాల్లో అంకె దిగుతుంది, బంధువుల మొహాలు తేటపడతాయి, డాక్టరుకు పేరొస్తుంది. బీపీ ఎంతవరకు దిగుతుందో, ఎక్కడ ఆగుతుందో మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. అలా ఇచ్చాక పక్షవాతం, గుండెపోటు, మరణాలు జరిగిన కేసులన్నీ పోగేసి, దీన్ని ఆపమని 1996లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వైద్యులు రాశారు. ఆపారు కూడా, చాలా చోట్ల. మన మందుల షాపుల దాకా ఆ పత్రిక ఇంకా చేరినట్టు లేదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ కావాలి. పాత బీపీ రోగిలో కిడ్నీ కాపలా హద్దులు పైకి జరిగి ఉంటాయి. 220/130 నుంచి ఒక్కసారిగా 120/80కి దించితే మనకది ముచ్చటైన అంకె, ఆ కిడ్నీకి మాత్రం కరువు. మెదడుకూ అంతే. అందుకే పద్ధతి ఇలా ఉంటుంది: మొదటి గంటలో సగటు రక్తపోటును పాతిక శాతానికి మించి తగ్గించరు. 220/130తో వచ్చినవాణ్ని 170/105 దగ్గర నిలబెడితే ఆ గంటకు చాలు. తర్వాత రెండు నుంచి ఆరు గంటల్లో 160/100 దగ్గరికి, ఆ పైన ఒకటి రెండు రోజుల్లో మెల్లగా మామూలుకు. ఈ పని నాలుక కింద జరగదు. ఐసీయూలో, నరంలోకి ఎక్కించే లాబెటలాల్, నైకార్డిపిన్ లాంటి మందుతో, చుక్క చుక్కా సరిచూసుకుంటూ చేయాలి. నైట్రోప్రసైడ్ చురుకైన మందే, కానీ కిడ్నీ పనిచేయనివారిలో దాని వ్యర్థాలు పేరుకుని విషమవుతాయి. మినహాయింపులూ ఉన్నాయి. ఛాతీలో పెద్ద రక్తనాళం గోడ చీలితే నిమిషాల్లో 120కి దించాల్సిందే. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతంలో, గడ్డ కరిగించే మందు ఇవ్వనప్పుడు, 220/120 దాటేదాకా సాధారణంగా ముట్టుకోరు. గర్భిణికి 160/110 చాలు ఎమర్జెన్సీ అనడానికి. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేటు కూడా కావాలి. కాన్పైన తర్వాతి రోజుల్లోనూ ఇది రావచ్చు, బాలింత తలనొప్పిని దిష్టి కింద జమకట్టకూడదు.

వైద్యం సరిగ్గా నడుస్తున్నప్పుడే బంధువులు భయపడే ఘట్టం ఒకటి వస్తుంది. బీపీ దిగుతుంటే మొదటి రోజుల్లో క్రియాటినిన్ ఇంకాస్త పెరగవచ్చు. పాడైన రక్తనాళాలు కొత్త ఒత్తిడికి అలవాటుపడాలి కదా. "మీ మందుల వల్లే కిడ్నీ పోయింది" అని ఆస్పత్రి మార్చేది సరిగ్గా ఇక్కడే. మార్చిన చోట మందు ఆపితే మొదటికొస్తుంది. మరో సంగతి, బీపీ ఎమర్జెన్సీతో కిడ్నీలు ఆగి డయాలిసిస్ మొదలైనవాళ్లలో కొందరికి, బీపీ గట్టిగా అదుపులో ఉంచితే, కొన్ని నెలలకు కిడ్నీలు మళ్లీ పుంజుకుంటాయి. మొదటి నెలలోనే ఇక జీవితాంతం ఇంతే అని ఎవరైనా తేల్చేస్తే కాస్త ఆగి మళ్లీ అడగాలి.

అసలిది ఎవరికి వస్తుంది? ఎక్కువగా బీపీ ఉందని తెలిసీ మాత్రలు మానేసినవాళ్లకు. "అంకె నార్మల్‌కొచ్చింది, ఇంకెందుకు" అనే తర్కం మనవాళ్లకు బాగా ఇష్టం. క్లోనిడిన్ అనే మాత్ర హఠాత్తుగా మానితే ఒకటి రెండు రోజుల్లోనే బీపీ ఎగదన్నుతుంది. కీళ్ల నొప్పులకు ఆర్ఎంపీ దగ్గర వారం వారం వేయించుకునే డైక్లోఫినాక్ ఇంజెక్షన్ బీపీని పెంచుతుంది, కిడ్నీకి రక్తాన్ని తగ్గిస్తుంది, ఒకే సూదికి రెండు నష్టాలు. ఇరవై, ముప్ఫై ఏళ్లవాళ్లలో ఇంత బీపీ కనిపిస్తే ముందుగా కిడ్నీనే అనుమానించాలి. ఐజీఏ నెఫ్రోపతీ అనే జల్లెడ జబ్బు ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండి, బీపీ పేలినరోజే బయటపడవచ్చు. పడుచు ఆడవాళ్లలో తకయాసు అనే రక్తనాళాల వాపు మన దేశంలో అరుదేమీ కాదు. అది కిడ్నీ రక్తనాళాన్ని గోల్డ్‌బ్లాట్ క్లిప్పులాగే నొక్కుతుంది. ఆ జబ్బులో ఒక చేతి నాడి అందకపోవచ్చు, ఆ చేతికి బీపీ చూస్తే తక్కువ చూపిస్తుంది. రెండు చేతులకూ చూడమనేది అందుకే.

శ్రీకాకుళం ఉద్దానం పేరు ఇక్కడ ఎవరికైనా గుర్తొస్తుంది. అది వేరే కథ. అక్కడి కిడ్నీ జబ్బు చాలామందిలో బీపీ, షుగర్ లేకుండానే మొదలవుతుంది, దెబ్బ తినేది కూడా జల్లెళ్ల కంటే వాటి తర్వాతి గొట్టాలు. ఉద్దానం కారణాల మీద ఇంకా పరిశోధన సాగుతోంది. బీపీతో పోయే కిడ్నీల కారణం మాత్రం తెలిసిందే, మందూ ఉంది, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ ఉచితంగానే ఇస్తారు.

ఇంట్లో మిషన్ 180/120 పైన చూపిస్తే పెద్దాయన్ని అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, చెయ్యికి సరిపడే పట్టీతో మళ్లీ చూడండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, ఆయాసం, ఛాతీనొప్పి, అయోమయం, ఫిట్స్, మూత్రం తగ్గడం వీటిలో ఏ ఒక్కటున్నా నోట్లో ఏదీ పెట్టకుండా ఐసీయూ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఏదీ లేకపోయినా ఆ రోజో మర్నాడో డాక్టరును కలిసి, బీపీ ఎంతుందన్న దగ్గర ఆగకుండా మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు, కంటి వెనక పొర పరీక్ష చేయించమని మీరే అడగండి. క్రియాటినిన్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. వడపోత సగం తగ్గేదాకా అది నార్మల్ గీత దాటకపోవచ్చు. మూత్రపరీక్ష అంతకంటే ముందే చెప్తుంది, ఈ పరీక్షలన్నిటిలోకీ చవకైనది కూడా అదే.